నున్నటి ముక్క

స్కానర్ తలుపు మూసి, పైన ఎర్రదీపం వెలిగిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని ఆమె కుర్చీలో కూర్చుంది. ఇక గంటసేపు చెయ్యడానికి ఏమీ లేదు, అదే వచ్చిన చిక్కు, చేతిలో పని ఉన్నంతసేపూ మనసు చెప్పినమాట వింటుంది, చేతులు ఖాళీ అయ్యాయంటే దాన్ని పట్టేవాళ్ళుండరు. తలుపు వెనక, సీసం గోడల మధ్య, బొటనవేలి కణుపంత ముక్క ఒకటి గాజుగొట్టంలో నిలబడి తిరుగుతోంది. వెంట్రుకవాసి తిరుగుతుంది, ఆగుతుంది, దాని గుండా ఎక్స్‌రే పోతుంది, తెరమీద ఒక నీడ పడుతుంది, మళ్ళీ వెంట్రుకవాసి, మళ్ళీ నీడ. ఒక్క నీడను చూస్తే లోపలి సంగతి ఏమీ తెలియదు, అంతా బూడిదరంగు ముద్ద. అన్ని పక్కల నుంచీ పడ్డ నీడలన్నీ పోగయ్యాక కంప్యూటర్ వాటిని కూర్చి, ముక్కను కొయ్యకుండానే కోసినట్టు పొరలుపొరలుగా చూపిస్తుంది, అప్పుడు గానీ లోపల దారులున్నాయో, గోడలే ఉన్నాయో బయటపడదు. అంతవరకూ పక్క బిల్డింగు పై అంతస్తులో టీచరమ్మ, నిన్న రాత్రి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా, ఆస్పత్రి గౌనులో, ఈ గదిలోంచి వెళ్ళే ఒక్క మాట కోసం పడుకుని ఉండాలి. ఆ మాట 'సరే' అయితే మత్తు ఇస్తారు, దవడ తెరుస్తారు, ముక్కను పెడతారు. ఆ మాట చెప్పాల్సింది తను, ఇంకెవరూ కాదు.

ఈ యంత్రానికి అత్తగారని పేరు పెట్టింది ఆమే. దీనికి ఉక్కపోత పడదు, చప్పుడు పడదు, పక్కన ఎవరైనా దబదబా నడిస్తే పడదు, తొందరపెడితే అసలే పడదు, ఏదైనా పాడైతే మాత్రం తప్పు కోడలిది. అసలు అత్తగారి కూతురు, అంటే పక్క గదిలో ఈ ముక్కలు తయారుచేసే ఆమె ఆడపడుచు, ఈ పేరు విని పడీపడీ నవ్వి, "మా అమ్మ ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడుంది వదినా, మెషిన్‌ని అవమానించకు" అంది. నిన్న ఈ అత్తగారు నిజంగానే అలిగింది. స్కాన్ సగంలో ఉండగా ఏసీ ఆగిపోయింది, గది వెచ్చబడింది, తడిగా ఉండాల్సిన ముక్క ఒక అంచున ఆరి, ఆరినచోట ముడుచుకుని, కంటికి తెలియనంత పక్కకు జరిగింది. అంతే, నీడలన్నీ చెదిరిపోయి, ప్రతి గోడకీ పక్కన ఇంకో గోడ లేచింది, చూసిన చూపంతా బూడిదలో పోసినట్టయింది. తడిపితే మళ్ళీ విచ్చుకునే రకం కాబట్టి సరిపోయింది, తడిపి, గొట్టం మూత బిగించి, ఇవాళ పొద్దున్నే మళ్ళీ మొదలు. సర్జన్ సాయంత్రం విమానం ఎక్కుతాడు, మళ్ళీ వచ్చేది నెలల తర్వాతే. ఈలోగా టీచరమ్మ చెంప ఇంకా లోపలికి పోతుంది, గడ్డతో పాటు కోసి తీసేసిన ఎముక తాలూకు రెండు కొసలూ ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి, అప్పుడిక ఈ కొలత ముక్కలు పెట్టడానికి చోటే ఉండదు. ఇవాళ తప్పితే, అనుకుని ఆ ఆలోచనను అక్కడే ఆపేయబోయింది, ఆపితే ఆగుతుందా, లోపల రోకలిదెబ్బల్లా తప్పితే, తప్పితే అని అదే మాట.

ఫోన్ మోగింది. సర్జన్. "ఏమ్మా, ఇంకెంతసేపు? మత్తు డాక్టరుగారు నా మొహం చూస్తున్నారు, నేను గోడ మొహం చూస్తున్నాను." సగం కూడా కాలేదంది. "కాస్త తొందరగా కానివ్వండి." తొందరపెడితే నిన్నటిలాగే అవుతుంది సార్ అంది. ఆయన ఏదో గొణిగి పెట్టేశాడు. ఫోన్ బల్లమీద పెట్టడం కూడా చప్పుడు కాకుండా, దొంగతనానికి వచ్చినదానిలా పెట్టింది.

కాగితాల్లో దీన్ని స్కాఫోల్డ్ అంటారు, ల్యాబులో ముక్క అంటారు, టీచరమ్మకు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆమెకు పరంజా అన్న మాట దొరికింది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడ్డానికి కర్రలు కడతారే, అది. ఎముక కణాలు దీని లోపలికి పాకి, దీన్ని పట్టుకుని నిలబడి ఎముక కట్టుకుంటాయి, అవి కట్టుకున్నకొద్దీ ఇది కరిగిపోతుంది. కొన్నాళ్ళ కిందట టీచరమ్మ ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే కూర్చుంది, చెంపకు చెయ్యి ఆనించి మాట్లాడే మనిషి, మాట కుడిపక్కకి జారుతుంది, రెండుసార్లు వింటే తప్ప తెలియదు. తెరమీద పాత ముక్కల బొమ్మలు చూపిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది, గదులు, గదుల్లోంచి గదుల్లోకి వాకిళ్ళు. "ఇన్ని గదులా? మా బడికి కూడా లేవు" అంది. వాకిళ్ళు లేకపోతే ఏమవుతుందని అడిగింది. కణాలు గుమ్మం దగ్గరే నిలబడిపోతాయి, నెత్తురు లోపలికి అందదు, లోపలిది లోపలే కుళ్ళుతుంది, మళ్ళీ తెరిచి తీసెయ్యాలి అని దాచకుండా చెప్పింది. అలా ఎందుకు చెప్పానా అని ఇంటికెళ్ళాక మథనపడింది కూడా. టీచరమ్మ మాత్రం బెదరలేదు. "పిల్లలు నాలాగా మాట్లాడి వెక్కిరిస్తుంటారు. ఒకడైతే నాకన్నా బాగా మాట్లాడతాడు. వాడి పప్పులుడక్కుండా చెయ్యండి, చాలు" అని నవ్వింది, ఆ నవ్వు కూడా సగం మొహంలోనే ఆగిపోయింది.

నీడ, మరో నీడ. ఏసీ చప్పుడు చేస్తోందా, చేస్తోంది, చెయ్యనీ, ఆగకపోతే అంతే చాలు. ఈ పనిలో ఒక పెద్ద తిరకాసుంది, చూసినదాన్ని వాడకూడదు, వాడేదాన్ని చూడకూడదు. గంటసేపు ఎక్స్‌రే తిన్న ముక్క బలం తప్పుతుంది, దాన్ని మనిషిలో పెట్టరు. అందుకే ఆడపడుచు ఎప్పుడూ ఒకే ద్రావణంలోంచి, ఒకే ట్రేలో, జంటగా చేస్తుంది. ద్రావణాన్ని అచ్చుల్లో పోసి గడ్డకట్టిస్తుంది, లోపల నీళ్ళు మంచుపలుకులవుతాయి, తర్వాత గాలి తోడేస్తే మంచు ఆవిరై వెళ్ళిపోతుంది, మంచు ఉన్నచోటల్లా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే గది. రెండింట్లో ఒకటి ఇక్కడికి, రెండోది సీలు వేసిన డబ్బాలో రోగికి. దీన్ని చూసి దాని సంగతి చెప్పాలి. అక్కను చూసి చెల్లెలికి జ్వరం లేదని చెప్పినట్టుంటుందని మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది, తర్వాత అలవాటైంది, మనిషికి ఏదైనా అలవాటవుతుంది.

మళ్ళీ ఫోన్. ఈసారి ఆడపడుచు, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీమీద నుంచి, రెండో ముక్క ఉన్న చల్లడబ్బా ఒళ్ళో పెట్టుకుని. గొంతు వింటేనే తెలుస్తోంది, తనూ కుదురుగా లేదని.

"వదినా, ఎలా వస్తోంది?"

"నీడలేగా, ఏం తెలుస్తుంది. అంచులు గరుకుగా కనిపిస్తున్నాయి, గుంటలు గుంటలుగా."

"ఆఁ, అది కాస్త వికారంగానే ఉందిలే. చూడ్డానికి పురుగు తిన్నట్టుంది. ఇదైతే ఎంత బాగొచ్చిందనుకున్నావు, అద్దంలా నున్నగా, ఒక్క మచ్చ లేదు. చూస్తే ముద్దొస్తోంది."

"మంచిదేలే" అంది ఆమె పరధ్యానంగా, కన్ను తెరమీద ఉంచి.

"లోపలికి రమ్మంటున్నారు, ఉంటా" అని ఆడపడుచు పెట్టేసింది.

మంచిదే, ఎందుకు మంచిది కాదు, ఆడపడుచు చేతిపని అలాంటిది, మనిషే అలాంటిది, బజారుకెళ్తే ఒక్కో కాయను తిప్పితిప్పి చూసి ఏరేసరికి కొట్టువాడికి ప్రాణం విసుగు, ఇంటికెవరైనా వస్తే అంచు పోని కప్పులు వాళ్ళకి, అంచు పోయింది తనకి. అంతెందుకు, అన్నయ్యకి పిల్లను కూడా ఈ ల్యాబులోంచే ఏరింది. అప్పటికి ఇద్దరూ పక్కపక్క గదుల్లో పనిచేస్తున్నారు, ఒకరోజు వచ్చి ఏమాత్రం మొహమాటం లేకుండా, "మా అన్నయ్య నిన్ను చూస్తే కాదనడు, నువ్వు కాదంటే నేనూరుకోను" అంది. ఇప్పటికీ మాటమాటకీ "ఏరి తెచ్చుకున్న వదిన" అంటుంది, ఆ మాటకి ఆమె లోపల్లోపల ఎంత మురిసిపోతుందో ఎవరికీ చెప్పలేదు, భర్తకి కూడా. ఏరడం అంటే ప్రేమే కదా, ఏరకుండా ఇచ్చేదేముంది, అందులోనూ టీచరమ్మకి. టీచరమ్మకి, అనుకోగానే మనసు ఎక్కడో తట్టుకుని ఆగింది. బాగున్నది టీచరమ్మకి. పురుగు తిన్నట్టున్నది నాకు. అంటే ఈ రెండింటినీ ఎవరో కూర్చుని చూశారు, ఎవరో ఏరారు. ఈ ముక్కల్ని కుందేళ్ళ మీద పరీక్షించినప్పుడు ఇలా లేదు. కుందేళ్ళప్పుడు ట్రే బల్లమీద పెట్టి, చీటీలు రెండు మడిచి గిన్నెలో వేసి, కళ్ళు మూసుకుని తీసేవాళ్ళం, ఏది కుందేలుకో ఏది స్కాన్‌కో ఆ చీటీ చెప్పేది. అప్పుడు అక్కను చూసి చెల్లెలి సంగతి చెప్పడంలో కాస్తయినా న్యాయం ఉండేది. ఇప్పుడు?

నున్నగా అంటే ఏమిటి? నున్నగా అంటే పైన గుంట లేదని. గుంట లేదంటే అక్కడ మంచుపలుకు అచ్చు గోడదాకా రాలేదని. మంచు రానిచోట ఖాళీ ఉండదు, ద్రావణమే గోడకి అంటుకుని పొరలా బిగుసుకుంటుంది. ఈ వికారపు గుంటలే వాకిళ్ళు, తను రోజూ తెరమీద చూసేది అవే, ఆడపడుచు రోజూ కంటితో చూసేది ముక్క పైభాగమే, ఇద్దరూ ఒకే వస్తువును ఇన్నేళ్ళుగా చూస్తూ ఒకరు చూసింది ఒకరు చూడలేదు. ట్రేలో ఒకటి ఫ్రీజరు గోడకి దగ్గరగా ఉండి ఉంటుంది, దానికి చలి ఒక్కసారిగా కొట్టి ఉంటుంది, మంచు లోపల్లోపలే బిగిసి ఉంటుంది. ఉంటుంది, ఉంటుంది, అన్నీ ఉంటుందిలే, ఏదీ తెలియదు. నున్నగా ఉన్నా వాకిళ్ళుండొచ్చు, సన్నగా, కంటికి ఆననంత. ఉండొచ్చు కదా? ఉండకపోతే?

యంత్రం మెల్లగా ఆగింది. ఎర్రదీపం ఆరింది. కంప్యూటర్ నీడలను కూరుస్తుంటే ఆమె తెరమీదికి వంగింది, ఏం రావాలని కోరుకుంటున్నదో ఆమెకే తెలియలేదు. దేవుడా, ఇది చెడ్డగా రానీ అని ఒక్క క్షణం అనుకుంది కూడా, చెడ్డగా వస్తే 'కాదు' అని చెప్పి తప్పించుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. తెరమీద మొదటి పొర వచ్చింది, తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఎంత నలుపు దాకా ఖాళీ, ఎక్కడి నుంచి గోడ అన్న గీత తనే గియ్యాలి, కాస్త ఇటు జరిపితే ఇరుకు వాకిళ్ళు కూడా తెరుచుకుంటాయి, కాస్త అటు జరిపితే మూసుకుంటాయి. ఎప్పుడూ గీసేచోటే గీసింది. అద్భుతంగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత మంచిది చూడలేదు. గదిలోంచి గదిలోకి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఎక్కడా తోవ మూసుకుపోలేదు. పురుగు తిన్నట్టున్న పైభాగమంతా తలుపులు. టీచరమ్మకి కావలసింది అచ్చంగా ఇదే, ఇదే, దీన్నే గంటసేపు ఎక్స్‌రేలో కాల్చి తను పనికిరాకుండా చేసింది.

ఇప్పుడు 'సరే' అంటే అబద్ధం కాదు. ఆమెను అడిగింది ఈ ముక్క సంగతి, ఈ ముక్క సరే. రెండోదాని గురించి ఎవరూ అడగలేదు, ఎప్పుడూ అడగరు. సర్జన్ సంతోషిస్తాడు, ఆడపడుచు ఎగిరి గంతేస్తుంది, రాత్రి ఇంట్లో భర్తతో కలిసి ముగ్గురూ కూర్చుని భోంచేస్తారు, ఆ నున్నటిది బాగానే ఉంటే ఏ గొడవా లేదు. బాగాలేకపోతే తెలిసేది ఎప్పుడో, చీము పట్టాక, టీచరమ్మ మళ్ళీ చెంప పట్టుకుని వచ్చాక. అప్పుడు కూడా ఈ గది తప్పని ఎవరూ అనరు. ఎవరూ అనకపోవడమే ఆమెకు అన్నిటికన్నా భయంగా తోచింది. ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"చీటీ వేశావా?"

"ఏమిటి?"

"ఏది టీచరమ్మకో, ఏది నాకో. చీటీ వేశావా లేదా?"

అవతల నొచ్చుకున్న గొంతు. "అదేం మాట వదినా, ఆవిడేమైనా కుందేలా? ఆ మొహం చూశాక చీటీ వేసి ఇవ్వడానికి నాకు చేతులెలా వస్తాయి? బాగున్నదే ఏరి పెట్టాను."

"నున్నగా ఉంటే బాగున్నట్టు కాదే. వాకిళ్ళు మూసుకున్నట్టు."

"నువ్వు చూశావా?"

"చూడలేదు. నేను చూసింది దీన్ని. ఇది బంగారంలా ఉంది."

"మరింకేం? జంటే కదా. పోనీ పైన కాస్త గీకమంటాను సర్జన్‌ని."

"ఎంత లోతు గీకాలో ఎవరికి తెలుసు? నాకు తెలియదు, నీకు తెలియదు."

"వదినా, ఇవాళ పెట్టకపోతే ఆవిడకి మళ్ళీ కుదరదు. నీకు తెలుసు. నువ్వు 'సరే' అనకపోతే నేనే ఆవిణ్ణి పాడుచేసినట్టు..." మాట పూర్తి చెయ్యలేదు. నన్ను ఏరి తెచ్చుకున్న మనిషిని ఇలా నిలబెట్టి అడుగుతున్నానే, ఇక రేపటి నుంచి ఆ ఇంట్లో ఏ మొహంతో తిరగను, అనుకుంది ఆమె, అనుకుంటూనే ఫోన్ పెట్టేసి థియేటర్‌కి చేసింది, ఆగితే ఇక చెయ్యలేనని తెలుసు.

"సరేనా కాదా, ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు సర్జన్.

"నేను చూసింది సరే సార్. మీ దగ్గరున్నది నాకు తెలియదు."

"ఎప్పుడూ అంతేగా?"

"ఎప్పుడూ చీటీ వేస్తాం సార్. ఈసారి వెయ్యలేదు. చూడ్డానికి బాగున్నదాన్ని ఏరి మీకు పంపాం. పైన పొర మూసుకుపోయి ఉంటుందని నా అనుమానం."

వెనక ఎవరో ఇనుప పళ్ళెం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "అనుమానంతో ఆపరేషన్ ఆపమంటారా? సీలు విప్పితే ఇక అది పోయినట్టే. విప్పాక బాగుందని తేలితే?"

"తేలితే నాదే తప్పు సార్. నా పేరే చెప్పండి."

"మీ పేరుతో నేనేం చేసుకోను" అని కసిరి, ఫోన్ పక్కకి పెట్టి, "మత్తు ఇవ్వకండి, ఆపండి" అనడం ఆమెకు స్పష్టంగా వినిపించింది.

ఆడపడుచు డబ్బా తీసుకుని వచ్చేసరికి ఆమె నిలబడే ఉంది. వదిన అన్న పిలుపు లేదు, మొహంలోకి చూడలేదు. సీలు తనే చింపింది, ముక్కను తనే గొట్టంలో నిలబెట్టింది, ఆ వేళ్ళు ఎప్పుడూ అంత కుదురుగా పనిచేసే వేళ్ళు, ఇవాళ రెండుసార్లు జారాయి. నిజంగానే ముద్దొచ్చేలా ఉంది, పాలమీగడలా. చూడాల్సింది లోపలిని కాదు, అంచుని, అందుకు పూర్తి స్కాన్ అక్కర్లేకపోయింది, ఒక్క నీడ చాలింది. ముక్క చుట్టూ, ఈ కొస నుంచి ఆ కొసదాకా, కాటుకతో దిద్దినట్టు ఒక నల్లగీత, నీడలో నలుపంటే గోడే, ఎక్కడా తెగలేదు, ఎక్కడా పలచబడలేదు. గీకితే పోయే మందం కాదు. ఆమెకు ఊరట కలిగింది, కలిగినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఆడపడుచు తెరమీద వేలు పెట్టి ఆ గీత వెంట చుట్టూ ఒకసారి నడిపి, మొదలుపెట్టిన చోటికి వచ్చాక, "ఒక్క వాకిలి కూడా లేదా వదినా?" అంది. లేదని ఆమె తల అడ్డంగా ఊపింది. ఆడపడుచు అక్కడే, యంత్రం పక్కనే నేలమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది, ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది, భుజం మీద చెయ్యి వెయ్యబోతే తోసేసింది, కాసేపటికి తనే ఆ చేతిని వెతుక్కుని పట్టుకుంది. టీచరమ్మకి సర్జన్ చెప్పేస్తాడు, మనమెందుకు అని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. లేచి మొహాలు కడుక్కుని ఇద్దరూ పక్క బిల్డింగుకి నడిచారు.

టీచరమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. వీళ్ళ మొహాలు చూడగానే చెయ్యి చెంప మీదికి వెళ్ళింది. చెప్పడానికి ఆమె నోరు తెరవబోతే ఆడపడుచు ఆపింది. "నేను చెప్తా. రెండు చేశామండీ. ఏది మీకో చీటీ వేసి తియ్యాలి, అది పద్ధతి. మీ విషయంలో నాకు మనసొప్పలేదు. కంటికి బాగున్నది ఏరి మీకు పెట్టాను. అదే పనికిరానిదైంది. పనికొచ్చేది స్కాన్‌కి పోయింది. తప్పు నాది."

టీచరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకోసం ఏరారా?" అంది, మాట పక్కకు జారింది, అయినా ఇద్దరికీ మొదటిసారికే అర్థమైంది. ఆడపడుచు తలవంచుకుని అవునంది. టీచరమ్మ కళ్ళు నిండి, చెంపలోని గుంటలోకి నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు. దాహమేస్తోందని సైగ చేసింది. ఆమె గ్లాసు అందించింది. టీచరమ్మ గబగబా తాగుతుంటే పెదవి మూల నుంచి నీళ్ళు కారాయి, ఆడపడుచు వెంటనే తువ్వాలు పట్టుకుని వంగింది. టీచరమ్మ ఆ చేతిని పట్టుకుని మెల్లగా పక్కకు పెట్టింది.

"మళ్ళీ చేస్తారా?"

"చేస్తాను. ముక్కకి చోటు మిగిలి ఉంటే చేస్తాను" అంది ఆడపడుచు.

"అయితే ఈసారి నామీద ప్రేమ వద్దమ్మా" అంది టీచరమ్మ, ఒక్కో మాటనీ కూడగట్టుకుని, "చీటీ వెయ్యండి."